అమ్మను సాగనంపిన మీ అందరికీ

అమ్మ నలభయ్యో రోజు పూజ మొన్న శనివారం అయింది. సంక్రాంతి ముందు రోజులు కావడంతో ఊరివాళ్ళంతా ఊళ్ళోనే ఉన్నారు, మన కతోలిక గుడి నిండిపోయింది. పూజ చివర పెద్దన్నయ్య మైకు దగ్గరికి వెళ్ళి కృతజ్ఞతలు చెప్పాలని అనుకున్నాం. వెళ్ళాడు. "అందరికీ" అన్నాడు. అంతే, వచ్చి కూర్చున్నాడు. అందుకని ఆ పని నా మీద పడింది. ఇంట్లో బడిపంతులమ్మను నేనొక్కదాన్నే కాబట్టి అర్జీ అయినా, శుభలేఖ అయినా, ఇది అయినా నేనే రాయాలి. అన్నయ్య చెప్పి ఉంటే రెండు నిమిషాల్లో ముగిసేది. నేను రాస్తే పొడవవుతుంది, ఓర్చుకోండి.

ఎవరి పేరూ రాయడం లేదు. పాతిక పేర్లు రాసి ఇరవై ఆరోది మరిచిపోతే మన ఊళ్ళో అది ఎన్ని సంక్రాంతుల దాకా నడుస్తుందో నాకు తెలుసు. చేసిన సాయం చదవగానే ఎవరిని వారు గుర్తుపడతారు.

అమ్మ డిసెంబరు 4, సోమవారం రాత్రి పోయింది. మిగ్‌జాం తుపాను మరుసటి మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటింది. అంటే పల్నాడులో వాన ఎంత గట్టిగా కొట్టాలో అంత గట్టిగా కొడుతున్న రోజులవి. అప్పటికి కోసిన వరి పనల మీదే ఉంది. కుప్ప వేసినవాళ్ళు వేశారు, వేయనివాళ్ళవి నీళ్ళలో తేలుతున్నాయి. మిర్చి చేలల్లో నీళ్ళు నిలిచాయి, పత్తి చెట్టు మీదే తడిసి వేలాడుతోంది. మీలో సగం మంది ఆ రెండు రోజులూ మీ చేలల్లో ఉండాల్సినవాళ్ళు. కాలవ గండి కొట్టి నీళ్ళు బయటికి తీయాల్సిన చేతులు మా ఇంటి ముందు టార్పాలిను కట్టాయి. మేం తీర్చుకోలేని బాకీ ఇదే. అమ్మ లేచి కూర్చోగలిగి ఉంటే మీకు దండం పెట్టేది కాదు, తిట్టేది. "పోయినదాని దగ్గర ఏం పని మీకు, ముందు చేలో నీళ్ళు చూసుకోండి" అనేది. ఆమెకు పైరు ముందు, మనిషి తరవాత. దేవుడు రెండింటికీ ముందు. ఆ వరుసను తొంభై ఏళ్ళకు కొన్ని నెలలు తక్కువగా సాగిన జీవితంలో ఎప్పుడూ మార్చలేదు.

మొదట మిల్లు మామయ్యకు. సోమవారం రాత్రే కరెంటు పోయింది. నరసరావుపేట నుంచి ఫ్రీజర్ పెట్టె ఎలాగో వచ్చింది కానీ కరెంటు లేకుండా అది వట్టి గాజు పెట్టె. నడిరాత్రి, వానలో, ట్రాక్టరు ట్రక్కులో జనరేటరు వేసుకుని ఆయన వచ్చారు. ఎవరూ అడగలేదు. డీజిలు ఇంజన్లకని ఇళ్ళలో దాచుకున్న క్యాన్లు ఒక్కొక్కటే చేరాయి. బుధవారం సాయంత్రం దాకా ఆ జనరేటరు ఆగలేదు. ఊళ్ళో అందరికీ తెలిసిన విషయమే అయినా ఇక్కడ రాస్తాను: అమ్మకూ ఆయనకూ తవుడు దగ్గర ముప్ఫై ఏళ్ళ గొడవ. మర పట్టిన కూలి కింద తవుడు మిల్లుకే పోతుందన్నది ఆయన లెక్క. "నా గేదెలు ఏం తినాలయ్యా" అన్నది అమ్మ లెక్క. ప్రతి మరకూ ఆ వాదన మొదటినుంచీ జరిగేది. పెట్టె దగ్గర నిలబడి మామయ్య "ఇక తవుడంతా నాదేనమ్మా" అన్నారు. అక్కడ ఏడుస్తున్న వాళ్ళం నవ్వాం. దానికి కూడా కృతజ్ఞతలు.

ఆ తవుడు గొడవ కూడా కాలవ వచ్చాక పుట్టినదే. అమ్మ పెళ్ళయి ఈ ఊరు వచ్చింది 1951లో, పదిహేడేళ్ళప్పుడు. అప్పుడిక్కడంతా మెట్ట. జొన్న, సజ్జ, కంది, ఆముదం. వాన పడితే పంట, లేకపోతే అప్పు. వరన్నం క్రిస్మస్‌కూ, పాస్కా (ఈస్టర్) పండక్కూ, పెళ్ళిళ్ళకూ. 1955 డిసెంబరులో నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశాడని విన్నప్పుడు మా తాతయ్య నమ్మలేదట. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలవలకు నీళ్ళు వదిలారు. మా చేల దాకా రావడానికి ఇంకా కొన్నేళ్ళు పట్టింది. వచ్చిన రోజు అమ్మ నన్ను చంకన వేసుకుని పిల్లకాలవ గట్టు మీదికి వెళ్ళి, సీసాలో తెచ్చుకున్న తీర్థం ఆ నీళ్ళలో చల్లిందట. ఊళ్ళో కొందరు నవ్వారు. కృష్ణమ్మకు తీర్థమెందుకని. అమ్మ లెక్క అమ్మది. విత్తనాల మీద చల్లేది, కొత్త గేదె మీద చల్లేది, అన్నయ్య ట్రాక్టరు కొన్నప్పుడు ఇంజను మీద కూడా చల్లబోతే మెకానిక్ ఆపాడు.

విచారణ గురువులకు, అంటే మన గుడి స్వాములవారికి. అవస్థ అభ్యంగనం, అంటే జబ్బుపడినవాళ్ళకు నూనె పూసి చేసే ప్రార్థన, అమ్మకు నవంబరులోనే ఇచ్చారు. ఆ తరవాత కూడా వారం వారం సత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్ర అప్పం) తెచ్చిస్తూనే ఉన్నారు. సోమవారం సాయంత్రం మేం ఫోను చేస్తే వాగు పొంగి కారు రాదని తెలిసింది. గంటన్నర తరవాత గుమ్మంలో నిలబడ్డారు, మోకాళ్ళ దాకా బురదతో. సత్ప్రసాదం డబ్బీని ప్లాస్టిక్ సంచిలో చుట్టి గుండెకు ఆనించుకుని నడిచి వచ్చారు. అమ్మ అప్పటికి మాట్లాడటం లేదు. ఆయన సిలువ గుర్తు వేయగానే ఆమె చెయ్యి కదిలి సగం దాకా లేచింది. మిగతా సగం పెద్దక్క పట్టుకుని పూర్తి చేసింది.

జపమాల చెప్పిన అమ్మలకు, అక్కలకు, ముఖ్యంగా పడమటి వీధి వాళ్ళకు. సోమవారం రాత్రి జపమాలలో ధ్యానించే సంతోష దేవ రహస్యాలతో మొదలుపెట్టి, మంగళవారం దుఃఖ దేవ రహస్యాలతో, కిరసనాయిలు దీపాల మధ్య వంతులు వేసుకుని రెండు రాత్రులు ఆగకుండా చెప్పారు. ఇది అమ్మ చాలా ఏళ్ళు ఊళ్ళో ప్రతి చావింటా చేసిన పని. ఎవరు పోయినా ముందు వెళ్ళి కూర్చునేది, చివర లేచేది. ఇంట్లో మాత్రం ఆ జపమాల మాకు శిక్ష. సాయంత్రం గేదెల పాలు తీసి, దీపం పెట్టి, యేసు తిరుహృదయ పటం ముందు తొమ్మిది మందినీ వరసగా కూర్చోబెట్టేది. (పుట్టినవాళ్ళం తొమ్మిది మందిమి. ఇద్దరు పసితనంలోనే పోయారు. అమ్మ ఎవరడిగినా తొమ్మిది అనే చెప్పేది, మేమూ అదే అలవాటు చేసుకున్నాం.) జపమాలలో నాలుగో పది పూసల దగ్గరికి వచ్చేసరికి నిద్ర ముంచుకొచ్చేది. ఎవరు తూలినా అమ్మ మంగళవార్త జపం ఆపకుండానే చెయ్యి చాచి గిల్లేది. ఒక్క మాట తప్పేది కాదు.

అమ్మ చదువు కన్యాస్త్రీల బడిలో అయిదో తరగతి. జపాల పుస్తకం చదవడానికి అది చాలింది. మిగతాది చెవితో నేర్చింది. లాటిన్ పూజలో ఉపదేశి (స్వాములకు సాయంగా ఉండే బోధకుడు) పలికే సమాధానాలన్నీ అర్థం తెలియకుండానే ఆమెకు కంఠతా వచ్చు. రెండో వాటికన్ మహాసభ (1960లలో రోములో బిషప్పులంతా కూడిన సభ) తరవాత పూజ తెలుగులోకి వచ్చినప్పుడు, స్వాములవారు జనం వైపు తిరిగి నిలబడినప్పుడు, ఆమెకు మొదట్లో అస్సలు నచ్చలేదు. "దేవుడివైపు చూడాల్సిన మనిషి మా వైపు చూస్తుంటే నాకు సిగ్గేసింది" అని చెప్పేది. పదేళ్ళ తరవాత అదే అమ్మ, వాక్యం స్పష్టంగా చదవలేదని కుర్రవాళ్ళను గుడి మెట్ల మీద ఆపి నిలదీసేది.

ఆమె పుట్టింటి వాళ్ళు 18వ శతాబ్దంలో కరువులకూ యుద్ధాలకూ తాళలేక రాయలసీమ నుంచి బళ్ళు కట్టుకుని గుంటూరు సీమకు వచ్చిన కతోలిక రైతుల సంతతి. ఫ్రెంచి జెస్యూట్ (యేసు సభ) స్వాముల కాలం నాటి విశ్వాసం అది. ఆ ఇళ్ళలో రాయప్పలు, చిన్నప్పలు, ఇన్నయ్యలు, శౌరయ్యలు, ఆరోగ్యమ్మలు ఈనాటికీ ఉన్నారు. చిన్నప్పుడు క్రిస్మస్‌కు ఎడ్లబండిలో గడ్డి పరుచుకుని ఫిరంగిపురం బాలయేసు గుడికి వెళ్ళేవాళ్ళట. మిల్‌హిల్ అనే మిషనరీ సభకు చెందిన థియోడర్ డీక్‌మన్ స్వాములు 19వ శతాబ్దం చివర్లో కట్టించిన ఆ గుడి గోపురం దూరం నుంచి కనబడగానే బండి దిగి నడవాలని వాళ్ళ నాయనమ్మ నియమం. మమ్మల్ని గుణదలకు తీసుకెళ్ళేటప్పుడు అమ్మ అదే నియమం పెట్టబోయింది. విజయవాడ బస్సు కండక్టరు ఒప్పుకోలేదు.

ఇప్పుడు పేరు కూడా తెలియని ఒక మనిషికి. మా రెండో అక్క కన్యాస్త్రీ. నెల్లూరు వైపు పనిచేస్తోంది. రైళ్ళు రద్దయ్యాయి, బస్సులు లేవు, చెన్నై విమానాశ్రయమే మూతపడిన రోజు అది. వాన కాస్త తెరపి ఇవ్వగానే అక్క రోడ్డు మీదికి వచ్చి నిలబడితే ఒక లారీ డ్రైవరు ఆపాడు. ఎక్కడికి సిస్టర్ అని అడిగి, విని, క్లీనరును వెనక్కి పంపి ముందు కూర్చోబెట్టుకున్నాడు. నీళ్ళు పారుతున్న చోటల్లా ఆగుతూ, చుట్టుదారులు పడుతూ, తెల్లవారుజామున చిలకలూరిపేటలో దింపాడు. డబ్బు తీసుకోలేదు. పేరడిగితే "మా అమ్మ కూడా పెద్దదేనండి" అన్నాడట, అది సమాధానం కాదు కదా! లారీ ముందు అద్దం మీద సాయిబాబా బొమ్మ ఉందని మాత్రమే అక్కకు గుర్తు. ఇది ఏ లారీ యజమాని కంటనైనా పడితే, ఆ డ్రైవరుకు మా ఇంటి తలుపు తెరిచి ఉంటుందని చెప్పండి.

అక్క రావడం మాకు ఎంత ముఖ్యమో చెప్పాలి. పద్దెనిమిదేళ్ళప్పుడు అక్క మఠానికి వెళతానంటే నాన్న సంతోషించాడు, ఊరు మెచ్చుకుంది, అమ్మ మాట్లాడలేదు. ఇంట్లో అమ్మకు కుడి చెయ్యి అక్కే. బిడ్డను దేవుడికి ఇచ్చిన తల్లి అని స్వాములవారు పూజలో పొగిడితే, ఇంటికి వచ్చి "ఇచ్చానా, ఆయనే తీసుకున్నాడు" అందట. కానీ ఏటా మొదటి కోత మిరపకాయలు విడిగా ఆరబెట్టి, తాలు ఒక్కటి లేకుండా ఏరి, అక్క ఉన్న మఠానికి పంపేది. ఎక్కడ ఉంటే అక్కడికి. ఒక ఏడు మధ్యప్రదేశ్‌కు కూడా వెళ్ళాయి ఆ మిరపకాయలు, అక్కడివాళ్ళు తినలేకపోయారు.

సమాధి తవ్విన వాళ్ళకు. ఇది కొంచెం నిదానంగా రాయాలి.

నల్లరేగడిలో తుపాను రోజున ఆరడుగుల గొయ్యి తవ్వడం ఏమిటో రైతులకు చెప్పనక్కరలేదు. బుధవారం పొద్దున తవ్వారు, గట్టు కూలింది. పక్కకు జరిగి తవ్వారు, అడుగు నుంచి నీళ్ళు ఊరాయి. చేలోంచి డీజిలు ఇంజను మోసుకొచ్చి పైపులు వేసి తోడుతూ, వెదురు తడికలు అడ్డం పెట్టి, మూడు గంటలకు ముగించారు. పెట్టె దించేదాకా ఇంజను ఆపలేదు. కాలనీ కుర్రవాళ్ళు ఎనిమిది మంది, వాళ్ళ పెద్దాయన ఒకరు.

మన సమాధుల తోటలో మధ్యన ఒక దారి ఉంది. దానికి ఇటు ఎవరు, అటు ఎవరు అన్నది అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఒకే గుడిలో జ్ఞానస్నానం పొందినవాళ్ళం, ఒకే బల్ల నుంచి సత్ప్రసాదం తీసుకునేవాళ్ళం, మట్టిలోకి వెళ్ళేటప్పుడు దారికి ఇటూ అటూ వెళతాం. ఆ రోజు గోతిలో నడుము లోతు బురదలో నిలబడినవాళ్ళంతా అటువైపు వాళ్ళు. కృతజ్ఞతలు చెప్పి ఈ మాట దాటేస్తే ఆ కృతజ్ఞతకు అర్థం లేదు. అమ్మ కూడా తన కాలం మనిషే. మా వసారాలో వేరే గ్లాసులు ఉండేవి, నేను చూశాను. ఏ ఏడాది అవి పోయాయో, ఎవరు తీసేశారో మా ఇంట్లో ఎవరూ చెప్పలేరు.

కూలి ఇవ్వబోతే ఆ పెద్దాయన తీసుకున్నాడు. తీసుకోవడమే న్యాయం. లెక్కపెట్టుకుని, జేబులో పెట్టుకుని, ఒక మాట చెప్పాడు: "మీ అమ్మ దగ్గర పని చేయడం కష్టం. సాలు వదిలితే వెనక్కి పిలిచేది. కానీ పొద్దుగూకేలోపు కూలి చేతిలో పెట్టేది. పత్తి పోయిన ఏడు కూడా ఆపలేదు." అమ్మ గురించి ఈ నలభై రోజుల్లో నేను విన్న మాటల్లో ఇంతకు మించినది లేదు. సమాధుల తోటలో ఆ దారి గురించి వచ్చే మన గుడి (విచారణ) సభలో మాట్లాడతానని అన్నయ్య చెప్పాడు. రాయమని చెప్పాడు కాబట్టి రాస్తున్నాను, ఇక వెనక్కి తగ్గలేడు.

పత్తి పోయిన ఏడు అంటే 1987. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ పత్తిని తినేసిన ఏడు. ఎన్ని మందులు కొట్టినా చావలేదు. నాన్న చేసిన అప్పులు మందుల కొట్లో కొంత, వడ్డీకి కొంత. ఆ తరవాత కొన్నేళ్ళకే నాన్న గుండెపోటుతో పోయాడు. అరవై దగ్గరపడిన అమ్మ ఆ లెక్కలన్నీ ఒళ్ళో వేసుకుంది. గాజులు అమ్మింది, రెండెకరాలు అమ్మింది, తాళికి ఉన్న సిలువ బిళ్ళ మాత్రం అమ్మలేదు. మిర్చి వేసింది. కాయలు యార్డుకు వెళ్ళిన ప్రతిసారీ తనూ వెళ్ళేది. మగవాళ్ళ మధ్య, ఆ ఘాటులో, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చుని తూకం అయ్యేదాకా కదిలేది కాదు. ఆనాటి కమీషన్ దుకాణదారు కొడుకు బుధవారం గుంటూరు నుంచి వచ్చాడు. వాళ్ళ నాన్న అమ్మను "మరియమ్మ తల్లీ" అని పిలిచేవాడని, అది భక్తితో కాదు, భయంతో అని చెప్పాడు. వానలో అంత దూరం వచ్చినందుకు ఆయనకు కృతజ్ఞతలు. ఆనాటి అప్పులో ఆఖరి వడ్డీ మాఫీ చేసిన వాళ్ళ నాన్నకు కూడా, ఆలస్యంగా.

ఇక కొన్ని త్వరగా. రెండేళ్ళ క్రితం అమ్మకు తుంటి విరిగినప్పుడు ఒకచోట "ఈ వయసులో ఆపరేషన్ ఎందుకమ్మా, ఇంటికి తీసుకెళ్ళండి" అన్నారు. రెండో చోట డాక్టరుగారు వయసు అడగలేదు, "నడిచేదా?" అని అడిగారు. నడిచేదని చెప్పాం. చేశారు. ఆమె వాకరు పట్టుకుని పెరటి దాకా, కొన్ని నెలలకు గుడి దాకా వెళ్ళింది. ఆ డాక్టరుగారికీ, రక్తం ఇచ్చిన డిగ్రీ కాలేజీ పిల్లలకూ, ఇంటికి వచ్చి వ్యాయామం చేయించి అమ్మతో తిట్లు తిన్న అబ్బాయికీ. చివరి నెలల్లో అమ్మకు పుండ్లు పడకుండా పూటపూటకూ పక్కకు తిప్పిన మా పెద్ద వదినకు, కృతజ్ఞత కాదు, ఏమనాలో తెలియదు. వదినా, నువ్వు చదువుతావని రాస్తున్నాను: అత్తాకోడళ్ళుగా మీరిద్దరూ ఏనాడూ సఖ్యంగా లేరని నాకు తెలుసు. అయినా చేశావు.

మా ఇంట పొయ్యి వెలగని రోజుల్లో అన్నం పంపిన ఏడు ఇళ్ళకు. తడి కట్టెలతో గ్యాసు లేని ఇంట్లోంచి కూడా పప్పు వచ్చిందని మాకు తెలుసు. మసీదు పక్కన టీ కొట్టు వాళ్ళు రెండు రోజులూ బిందెలతో టీ పంపి, డబ్బిస్తే బిందె తీసుకోం అన్నారు. లూథరన్ గుడివాళ్ళు బెంచీలు ఇవ్వడమే కాదు, మన పాటగాళ్ళలో సగం మంది వాగు అవతల చిక్కుకుపోతే వాళ్ళే వచ్చి నిలబడి పాడారు. మైకు లేదు, తబలా తడిసిపోయింది, వట్టి గొంతులతో. లూథరన్లను అమ్మ జీవితమంతా "మంచివాళ్ళే, కానీ మరియమాత లేకుండా ఎలా ఉంటారో" అని జాలిపడేది. ఆమె పెట్టె దగ్గర వాళ్ళు మరియమాత పాట కూడా పాడారు, పుస్తకం చూసి. ఈ సంగతి అమ్మకు చెప్పాలనిపించింది నాకు, ఆ రోజంతా.

అంత్యక్రియలకని పంపిన డబ్బులో ఖర్చులు పోను మిగిలింది కన్యాస్త్రీల ఆడపిల్లల హాస్టలుకు ఇచ్చాం, రశీదు అన్నయ్య దగ్గర ఉంది, ఎవరైనా చూడవచ్చు. అమ్మకు బదులు ఉంచుకోవడం తెలియదు. ఎవరైనా ఒక పూట నాటుకు వస్తే మరో పూట తను వెళ్ళేది. కాబట్టి తుపానులో పంట పోయి ఈ దాళ్వాకు దుక్కి ఆలస్యమైనవాళ్ళు ఎవరున్నా మా ట్రాక్టరు అడగండి. డీజిలు మాది, డ్రైవరు చిన్నన్నయ్య.

మా ఇంట్లో ఇంకా ఉండిపోయినవి: రెండు పెద్ద స్టీలు బేసిన్లు (ఒకదాని మీద పేరు చెక్కి ఉంది, రెండోది గీసుకుపోయి చదవడానికి రావడం లేదు), మూత లేని ఇత్తడి బిందె, నీలం టార్పాలిను, ఆరు గొడుగులు, ఎడమ కాలి గంబూటు ఒకటి. ఆదివారం పూజ తరవాత పెద్దన్నయ్య ఇంటికి వచ్చి తీసుకెళ్ళండి. గంబూటు ఎవరిదో మాకు తెలుసు. కుడిది సమాధుల తోట బురదలోనే ఉంది బాబాయి, నేల ఆరాక వెతికి ఇస్తాం.